మిద్దెమీది మిగులు విద్యుత్తు: దాని వెలకట్టిన చరిత్ర

ఇంటి మిద్దెమీద సౌరఫలకములు అమర్చుకొన్న గృహస్థునకు పగటివేళ తన యవసరమునకు మించిన విద్యుత్తు లభించును. ఆ మిగులు వీధితీగలలోనికి ప్రవహించి పొరుగిండ్లలో ఖర్చగును. దానికి బదులుగా గృహస్థునకు ముట్టవలసినదేమి? పుచ్చుకొన్నంత విద్యుత్తును తిరిగి యిచ్చుటయా, రొక్కము చెల్లించుటయా, రొక్కమైనచో ఏ ధరకు? ఈ ప్రశ్న వయస్సు అర్ధశతాబ్దమునకు కొంచెము తక్కువ. దానికి ఒక్కొక్క దేశము ఒక్కొక్క సమాధానము చెప్పినది. భారతదేశమున ఒక్కొక్క రాష్ట్రమే ఒక్కొక్క సమాధానము చెప్పినది. అందుచేత ఈ చరిత్ర ఆంధ్రేతర ప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ప్రత్యేకముగా పట్టినది. కోలారులోని తెలుగు గృహస్థునకును, హోసూరులోని అతని బంధువునకును, బరంపురములోని వియ్యంకునకును ఎండ యొకటే, యంత్రమొకటే. లెక్క మాత్రము వేరు.

విద్యుత్తు ఈ దేశమునకు వచ్చిన తొలిదినములలో ఇట్టి ప్రశ్నకు తావు లేదు. ప్రవాహము ఒకే దిక్కుగా సాగెడిది. 1902లో కావేరినదిమీది శివసముద్రమునుండి సుమారు 147 కిలోమీటర్ల దూరమున నున్న కోలారు బంగారుగనులకు తీగలు వేసినపుడు, అంత దూరము విద్యుత్తును గొనిపోవుట ప్రపంచమునకే వింతగా నుండెను. ఆ గనులలో తమిళులతోపాటు తెలుగువారును పనిచేసిరి. బొంబాయి బట్టల మిల్లులకు 1915లో ఖోపోలీ జలవిద్యుత్తు అందినది. ఆ మిల్లులలో తెలంగాణమునుండి వెళ్లిన కార్మికులుండిరి. కోయంబత్తూరునకు పైకారా విద్యుత్తు 1932లో వచ్చిన పిమ్మట నూలుమిల్లులు బహుళముగా వెలసెను. అచ్చటి మిల్లు పరిశ్రమలో పూర్వమే వలసవచ్చి స్థిరపడిన తెలుగువారిది పెద్దచేయి; 1910లో లక్ష్మీమిల్లును స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడు వారిలో నొకడు. 1955లో ఆంధ్ర, ఒడిస్సా రాష్ట్రములు ఉమ్మడిగా నెలకొల్పిన మాచ్‌ఖండ్ కేంద్రము కోరాపుట్టు కొండలలో నున్నది. ఇన్నిచోట్లను తెలుగువాడు విద్యుత్తుకు కూలివాడుగానో, యజమానిగానో, వాడుకదారుగానో యుండెను. తన యింటినుండి ప్రభుత్వపు తీగలోనికి విద్యుత్తును పంపువాడుగా మాత్రము ఎన్నడును లేడు. మీటరు అతడు పుచ్చుకొన్నదానిని కొలుచుటకే పుట్టినది.

ఆ మీటరే ఈ కథకు మూలము. పాతకాలపు మీటరులో అల్యూమినియపు బిళ్ల యొకటి తిరుగుచుండుట చాలమంది చూచియుందురు. విద్యుత్తు ఇంటిలోనికి వచ్చునపుడు అది ముందునకు తిరుగును. విద్యుత్తు ఇంటినుండి వెలుపలికి పోయినచో, అడ్డు లేనిపక్షమున, అదే బిళ్ల వెనుకకు తిరుగును, అంకెలు తగ్గును. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున స్టీవెన్ స్ట్రాంగ్ అను వాస్తుశిల్పి 1979 ప్రాంతమున సౌరఫలకములతో కట్టిన భవనములందు మీటరును ఇట్లు వెనుకకు తిరుగనిచ్చిరి. ఎవరును లోతుగా ఆలోచించి చేసిన ఏర్పాటు కాదది. యంత్రమునకు సహజమైన గుణమును అట్లే వదలివేసినారు. ఆ వదలివేతయే తరువాత శాస్త్రమైనది. పుచ్చుకొన్న యూనిట్టుకు ఇచ్చిన యూనిట్టు చెల్లు. దీనినే లోకమున నెట్ మీటరింగు అనుచున్నారు. తెలుగున 'చెల్లుకు చెల్లు' అన్నచో సరిపోవును. పొరుగింటినుండి సోలెడు బియ్యము చేబదులు తెచ్చుకొన్న యిల్లాలు సోలెడే కొలిచి తిరిగి యిచ్చును. నాటి అంగడిధర యేమి, నేటి ధర యేమి యని లెక్క చూడదు. ఇదియు నట్టిదే.

చట్టము వేరొక త్రోవ తొక్కినది. అమెరికాలో 1978నాటి కేంద్రచట్టము చిన్న ఉత్పత్తిదారుల విద్యుత్తును కంపెనీలు కొనక తప్పదని శాసించినది. ధర మాత్రము ఆ విద్యుత్తు లేకున్నచో కంపెనీకి అయ్యెడి వ్యయము మేరకే యనినది. ఇది చేబదులు కాదు, అంగడి వ్యాపారము: దుకాణదారుడు చిల్లరధరకు అమ్మి టోకుధరకు కొనును. 1983లో మిన్నెసోటా రాష్ట్రము చట్టముచేసి 40 కిలోవాట్లలోపు వారికి చిల్లరధరనే ఇప్పించినది. నాటినుండి నేటివరకు ఈ విషయమై జరిగిన వాదములన్నియు చేబదులా, దుకాణమా యను ఈ రెండు స్తంభముల నడుమనే తిరుగుచున్నవి.

జర్మనీ మూడవ త్రోవను కనుగొన్నది. 1991 జనవరి మొదటి తేదీనుండి అమలైన చట్టము సౌరవిద్యుత్తునకును గాలివిద్యుత్తునకును వినియోగదారుల సగటు ధరలో నూటికి 90 వంతులు చెల్లింపవలెనన్నది. సౌరఫలకములు మిక్కిలి ఖరీదుగా నున్న ఆ దినములలో అది చాలలేదు. ఆఖెన్ నగరము తన పౌరులకు యూనిట్టుకు సుమారు రెండు మార్కులు చెల్లించుటకు పూనుకొని, అందుకైన ఖర్చును ఊరివారందరి విద్యుత్ బిల్లులపై కొద్దిగా పంచినది. 2000నాటి జాతీయ చట్టము ఆ సూత్రమునే గ్రహించి యూనిట్టుకు 99 ఫెన్నిగులు, ఇరువదియేండ్లపాటు మారకుండ, నిర్ణయించినది. ఇచ్చట చెల్లు లేదు, అంగడిధర లేదు. పెట్టిన పెట్టుబడి గిట్టుబాటు కావలెనను లెక్కయే యున్నది. ఫలకముల ధర ప్రపంచమంతట పడిపోవుటకు ఈ ఉదారత యొక ముఖ్యకారణము. జర్మనుల బిల్లులమీది ఆ భారమువలన ఇతర దేశముల గృహస్థులు బాగుపడినారని చెప్పినను అతిశయోక్తి కాదు.

భారతదేశమున ఈ ప్రశ్న మొదట మిద్దెలమీద పుట్టలేదు, గాలిమరలవద్ద పుట్టినది. 1980, 1990 దశకములందు తమిళనాట ముప్పందల్, పాలఘాట్ కనుమల ప్రాంతములలో మిల్లుల యజమానులు సొంతమునకు గాలిమరలు నెలకొల్పిరి. వారిలో కోయంబత్తూరు తెలుగువారును కలరు. గాలి వీచునది కొన్ని నెలలే. మిల్లు నడచునది సంవత్సరమంతయు. అందుచేత గాలికాలపు విద్యుత్తును బోర్డువారి తీగలోనికి పంపి, తరువాతి నెలలలో తిరిగి తీసికొను ఏర్పాటు జరిగినది. దీనికి బ్యాంకింగు అని పేరు. నిజముగా విద్యుత్తు ఎచ్చటను నిలువయుండదు, ఉన్నది ఖాతామాత్రమే. పల్లెలలో పాతరలో ధాన్యము పోసినవానికి తరుగు పోను మిగిలినది ముట్టినట్లు, ఇచ్చటను నూటికి ఐదువంతులు తరుగుగా తీసి మిగిలినది తిరిగి యిచ్చెడివారు. సంవత్సరాంతమున ఇంకను మిగిలినదానికి కొనుగోలు ధరలో ముప్పాతిక మాత్రము రొక్కముగా చెల్లించెడివారు. మిద్దెమీది లెక్కలలో నేడు కనబడు అంశములన్నియు, అనగా చెల్లు, తరుగు, సంవత్సరాంతపు తీరుమానము, మిగులుకు తక్కువ ధర యనునవి, ఇందులో ముందే యున్నవి. మన దేశపు సౌరచరిత్ర వ్రాయువారు దీనిని తరచుగా విడిచిపెట్టుట వింత.

ఈ లెక్కలను నిర్ణయించు అధికారము ఎవరిది? 1996లో ఒడిస్సా రాష్ట్రము దేశమున కెల్ల మొదటి విద్యుత్ నియంత్రణ మండలిని స్థాపించినది. 1998, 2003 సంవత్సరముల కేంద్రచట్టములు ఆ మార్గమునే దేశమంతటికి వ్యాపింపజేసినవి. ధరలు నిర్ణయించుట రాష్ట్రమండలి పనియైనది. 2010లో కేంద్రప్రభుత్వము జాతీయ సౌరవిద్యుత్ ప్రణాళికను ప్రారంభించినను, గృహస్థుని మిగులుకు వెలకట్టునది మాత్రము రాష్ట్రమండలియే. భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినపుడు సరిహద్దులకు అవతల నిలిచిపోయిన తెలుగువారు బడి, కోర్టు, కచేరీ భాషల విషయమున ఆ సరిహద్దును అనుభవించియున్నారు. ఇప్పుడది ఎండకును వచ్చినది.

2012 మొదలు 2015 వరకు గల నాలుగేండ్లలో రాష్ట్రములన్నియు వరుసగా మేల్కొన్నవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2012లో సౌరవిధానమును ప్రకటించి, 2013లో నెట్ మీటరింగుకు ఉత్తరువు లిచ్చినది. అదే కాలమున కర్ణాటకము చేసిన పని మిక్కిలి సాహసమైనది.

2013 అక్టోబరులో కర్ణాటక మండలి మిద్దెమీది విద్యుత్తుకు యూనిట్టు 9 రూపాయల 56 పైసలనియు, కేంద్రపు రాయితీ పొందినవారికి 7 రూపాయల 20 పైసలనియు నిర్ణయించినది. వాడుకపోను నికరముగా మిగిలిన యూనిట్లకు ఈ ధర. ఆ కాలమున గృహస్థు తాను కొనుక్కొను యూనిట్టుకు చెల్లించునది ఇంతకంటె తక్కువ. అనగా దుకాణదారుడు అమ్మినదానికంటె ఎక్కువ ధరకు కొనుటకు ఒప్పుకొన్నాడన్నమాట! ఒడంబడిక 25 సంవత్సరములది. ఇట్టి బేరము చాలకాలము నిలువదని తెలిసినవారు తొందరపడిరి. విశాలమైన కప్పులు గలవారు, షెడ్లు గలవారు తమ యవసరముతో నిమిత్తము లేక కప్పునిండ ఫలకములు పరచిరి. ఇంటి యవసరమునకై యుద్దేశింపబడిన పథకము కొందరియెడ వ్యాపారమైనది. 2016 మే నెలలో మండలి ధరలను సవరించి, రాయితీ లేనివారికి పరిమాణమునుబట్టి 7 రూపాయల 8 పైసలు మొదలు 5 రూపాయల 20 పైసల వరకు తగ్గించినది. పెద్దకప్పుకు తక్కువ ధర, చిన్నకప్పుకు ఎక్కువ ధర. ఇది న్యాయమైన సవరణ. పిమ్మటి సంవత్సరములలో ధర మూడు నాలుగు రూపాయల మేరకు దిగినది. కావున ఒకే వీధిలో, ఒకే యెండలో, ఒకే రకపు ఫలకములు గల రెండిండ్లలో ఒకరికి తొమ్మిదిన్నర, ఇంకొకరికి అందులో సగము కూడ లేదు. భేదమునకు కారణము ఒడంబడికమీది తేదీ యొక్కటే.

తమిళనాడు దీనికి విరుద్ధముగా జాగ్రత్తతో మొదలిడినది. 2012నాటి విధానము గృహస్థులకు తాము ఉత్పత్తిచేసిన యూనిట్టుకు మొదటి రెండేండ్లు రెండు రూపాయలు, తరువాత రెండేండ్లు ఒక రూపాయి, ఆపై రెండేండ్లు అర్ధరూపాయి ప్రోత్సాహకముగా ఇచ్చుటకు పూనుకొన్నది. 2013 నవంబరునాటి మండలి ఉత్తరువు నెట్ మీటరింగును అనుమతించినది కాని, ఒక కట్టడి పెట్టినది: సంవత్సరాంతమున చెల్లుబెట్టుకొను యూనిట్లు మొత్తము వాడుకలో నూటికి 90కి మించరాదు. మించినది గృహస్థునకు దక్కదు, రొక్కమును లేదు. ఒడిస్సా మండలి 2014 నవంబరులో ఇచ్చిన ఉత్తరువులోను ఈ 90 వంతుల కట్టడియే కనబడును. అందులోని యుద్దేశము స్పష్టము. గృహస్థు తన యవసరముమేరకు కప్పు వేసికొనవలెను గాని విద్యుత్తును అమ్ముకొనరాదు. ఉద్దేశము మంచిదే. కాని వేసవిసెలవులకు ఊరు వెళ్లిన కుటుంబము, పిల్లలు ఉద్యోగములకు పోగా ఇద్దరే మిగిలిన వృద్ధదంపతులు తమ మిగులును ఉచితముగా ధారపోయవలసివచ్చునని ఆ కట్టడి చేసినవారు తలచినట్లు లేదు.

మహారాష్ట్ర మండలి 2015 సెప్టెంబరున చేసిన నిబంధనలు ఈ రెంటి నడుమ నిలిచినవి. సంవత్సరములోపల చెల్లుకు చెల్లు; ఆర్థిక సంవత్సరాంతమున మిగిలినదానిని పంపిణీసంస్థ తన సరాసరి కొనుగోలు వెలకు కొనవలెను. అనగా ఏడాదిపొడుగున చేబదులు, ఏడాదిచివర దుకాణము. వీనిలోని మరొక యంశము బయట అంతగా తెలియలేదు. ఒక ట్రాన్స్‌ఫార్మరుక్రింద చేరు మిద్దెల మొత్తము దాని శక్తిలో నూటికి 40 వంతులకు మించరాదన్నారు. తమిళనాట తొలుత ఆ హద్దు 30. కావున వీధిలో ముందు వచ్చినవానికే చోటు. షోలాపురమువంటి పట్టణములో, పందొమ్మిదవ శతాబ్దమున తెలంగాణమునుండి వెళ్లిన పద్మశాలీల పేటలలో, ఇండ్లును మరమగ్గములును ఒకే కప్పుక్రింద ఇరుకుగా నుండును. అట్టిచోట ఈ హద్దు సొంత కప్పు గలవానిని, మొదట సొమ్ము పెట్టగలవానిని ముందుంచును. అద్దెకున్న నేతకాని నెచ్చటను ఉంచదు. కప్పు లేనివారు మరియొకచోటి ఫలకములలో వాటా పొంది తమ బిల్లులో చెల్లుబెట్టుకొను పద్ధతిని ఢిల్లీ మండలి 2019లో ప్రవేశపెట్టినది. ఆ పద్ధతి వ్యాపించినంత మేరకే అద్దెయిండ్లవారికి ఈ చరిత్రలో స్థానము.

యానాము కథ చిన్నదైనను విచిత్రమైనది. 1954లో ఫ్రెంచిపాలన ముగిసి 1962లో చట్టరీత్యా భారతదేశమున చేరిన ఈ ఊరు సుమారు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టును ఆంధ్రదేశము, ఇంటను వీధినను తెలుగే. కాని పాలన ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడి దూరమున నున్న పుదుచ్చేరిది. విద్యుత్ ధరల నిర్ణయము గోవా, కేంద్రపాలిత ప్రాంతముల ఉమ్మడి మండలిది. ఆ మండలి కార్యాలయము హర్యానాలోని గురుగ్రామములో నున్నది. ఆ మండలి 2015లోను, మరల 2019లోను మిద్దెమీది సౌరవిద్యుత్తుకు నిబంధనలు చేసినది. గోదావరి యొడ్డున మిద్దె, గురుగ్రామమున లెక్క! పొలిమేర దాటిన మరుయింటిలో ఆంధ్రప్రదేశ్ మండలి లెక్క నడచుచుండును.

ఇంతవరకు చెప్పిన పద్ధతుల భేదము ఒక ఉదాహరణముచేత తేటపడును. ఇది లెక్కకై తీసికొన్నది. ఏ రాష్ట్రపు ధరయును కాదు. మూడు కిలోవాట్ల ఫలకములు దినమునకు పండ్రెండు యూనిట్ల చొప్పున నెలకు 360 యూనిట్లు ఇచ్చుననుకొందము. ఇంటివాడుక 250. పగటివేళ ఉత్పత్తియగుచుండగనే ఇంటిలో ఖర్చైనది 100. కావున తీగలోనికి పోయినది 260, రాత్రివేళ తీగనుండి తెచ్చుకొన్నది 150. గృహస్థు కొను ధర యూనిట్టుకు ఏడు రూపాయలు, అమ్ము ధర మూడు రూపాయలు. చెల్లుకు చెల్లు పద్ధతిలో 150కి 150 చెల్లు, బిల్లు సున్న, పైగా 110 యూనిట్లు ఖాతాలో నిలుచును. నికరచెల్లింపు, అనగా నెట్ బిల్లింగు పద్ధతిలో యూనిట్లు చెల్లవు, రూపాయలు చెల్లును: తెచ్చుకొన్న 150కి 1,050 రూపాయలు, పంపిన 260కి 780 రూపాయలు, గృహస్థు 270 రూపాయలు కట్టవలెను. మొత్తపు అమ్మకము, అనగా గ్రాస్ మీటరింగు పద్ధతిలో 360 యూనిట్లు మూడు రూపాయలకు అమ్మి 1,080 పొంది, 250 యూనిట్లు ఏడు రూపాయలకు కొని 1,750 చెల్లించును, చేతినుండి 670. కప్పు అదే, ఎండ అదే. మొదటి పద్ధతికిని మూడవదానికిని నెలకు 670 రూపాయల భేదము. ఖాతాలో నిలిచిన 110 యూనిట్లు అదనము. పంపిణీసంస్థ ప్రతినిధి 'నెట్' అన్న మాట వాడినంతమాత్రమున మొదటి పద్ధతియని నమ్మరాదు. నెట్ మీటరింగు వేరు, నెట్ బిల్లింగు వేరు.

పై లెక్కలో ఏడు రూపాయలన్న ధరయును అందరిది కాదు. మన రాష్ట్రములలో పెక్కింట ఎక్కువ వాడినకొలది యూనిట్టు ధర హెచ్చును. మిద్దెవిద్యుత్తు ముందుగా ఖరీదైన పైమెట్టు యూనిట్లను తీసివేయును. అందుచేత పెద్దవాడుక గల యింటికి లాభము హెచ్చు, చిన్నయింటికి తక్కువ. తమిళనాట 2016నుండి రెండునెలల కొకమారు 100 యూనిట్లు ఉచితము; కర్ణాటకమున 2023నుండి గృహజ్యోతి పథకముక్రింద 200 యూనిట్లలోపు వాడుకకు బిల్లు లేదు. బిల్లే లేని యింటికి మిద్దెమీది యంత్రము మిగుల్చునది స్వల్పము. పంపిణీసంస్థలు నెట్ మీటరింగును సహింపకపోవుటకు మూలమిదియే. పైమెట్టుమీద చెల్లించువారి సొమ్ముతోనే క్రిందిమెట్టువారికి విద్యుత్తు చౌకగా అందుచున్నది. ఆ పైమెట్టువారే మిద్దెకు మరలినచో తీగల ఖర్చు ఎవరు మోయవలెను? ఈ వాదమును స్వార్థమని తోసివేయుటకు వీలులేదు. అయినను మిద్దెవిద్యుత్తు పొరుగింటిలోనే ఖర్చగుటవలన దూరపు తీగలలోని నష్టము తప్పుచున్నదన్న మాటను ఆ సంస్థలు తమ లెక్కలో అరుదుగా చెప్పును.

ఇంతలో బయటి అంగడిలో సౌరవిద్యుత్తు ధర కూలినది. 2017 మే నెలలో రాజస్థానమందలి భడ్లా వేలములో యూనిట్టు 2 రూపాయల 44 పైసలకు దిగినది. అంత చౌకగా దొరుకుచుండగా మిద్దెవానికి ఎక్కువ యేల ఇయ్యవలెనను ప్రశ్న అన్ని మండలులను తాకెను. కర్ణాటకములో తెలుగు మాటాడువారు అధికముగా గల పావగడ తాలూకాలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరక్షేత్రము వెలసినది. కరవుసీమ రైతులు భూమిని అమ్మక, ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకిచ్చిరి. కౌలు కొంతకాలమున కొకమారు పెరుగును. రైతు ఎండతగులు నేలనిచ్చి కౌలు పుచ్చుకొన్నాడు. పట్టణపు గృహస్థు ఎండతగులు మిద్దె నిచ్చి యూనిట్లు పుచ్చుకొన్నాడు. రైతుకు ముట్టునది ముందే వ్రాసియున్నది. గృహస్థునకు ముట్టునది మండలి ఉత్తరువులతో మారుచున్నది.

2019లో తమిళనాడు చెల్లుకు చెల్లు పద్ధతిని మాని, పంపిన యూనిట్టుకు రెండు రూపాయలపై కొన్ని పైసలు మాత్రమే కట్టు నికరచెల్లింపునకు మరలినది. 2021లో మరల గృహములకు నెట్ మీటరింగును అనుమతించినది. కేంద్రము 2020 డిసెంబరు 31న విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను ప్రకటించి, పది కిలోవాట్లవరకే నెట్ మీటరింగు, ఆపైన మొత్తపు అమ్మకము అన్నది. గగ్గోలు పుట్టగా 2021 జూన్‌లో ఆ హద్దును 500 కిలోవాట్లకు గాని, ఇంటికి మంజూరైన లోడుకు గాని, ఏది తక్కువైన దానికి మార్చినది. ఇట్టి తడబాటు మన దేశమునకే పరిమితము కాదు. తెలుగువారనేకులు నివసించు కాలిఫోర్నియా 1995నుండి నెట్ మీటరింగుకు పుట్టినిల్లువంటిదై, మధ్యాహ్నమున విద్యుత్తు వెల్లువై సాయంకాలమున కొరతపడుటచేత, 2023 ఏప్రిల్ 15 మొదలు దరఖాస్తు చేసినవారికి పగటి యూనిట్టు వెలను సుమారు నాల్గవవంతునకు తగ్గించినది. పాతవారికి మాత్రము ఇరువదియేండ్లు పాతలెక్కయే. అచ్చటను తేదీయే నిర్ణాయకము.

2022 నాటికి దేశమంతట 40,000 మెగావాట్ల మిద్దెవిద్యుత్తు అను లక్ష్యము గడువునాటికి నాల్గవవంతు కూడ నెరవేరలేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ప్రారంభించి, కోటి యిండ్లకు 75,021 కోట్ల రూపాయలు కేటాయించినది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్టుకు 30,000 చొప్పునను, మూడవదానికి 18,000 గాను, మొత్తము 78,000 రూపాయల వరకు రాయితీ. అదే నెలలో సవరించిన నిబంధనలచొప్పున పది కిలోవాట్లలోపు దరఖాస్తునకు సాంకేతిక పరిశీలన అక్కరలేదు. రాయితీని నిర్ణయించునది కేంద్రము. మిగులు యూనిట్టు వెల మాత్రము ఇప్పటికిని రాష్ట్రమండలి చేతిలోనిది.

ఇచ్చట ప్రవాసాంధ్ర కుటుంబములకు ఒక చిక్కు కలదు. రాయితీకి దరఖాస్తు పెట్టువాని పేరును విద్యుత్ బిల్లుమీది పేరును ఒకటిగా నుండవలెను. పాతయిండ్లలో సర్వీసు తాతగారి పేరనో, గతించిన పెదనాన్నగారి పేరనో నిలిచియుండుట సాధారణము. ఇంటిపేరు కన్నడలిపిలోనో, తమిళలిపిలోనో, మరాఠీలోనో ఒకచోట నొకవిధముగ, ఆధారుకార్డులో నింకొకవిధముగ పడియుండుటయు సాధారణమే. అన్నదమ్ములు పంచుకొన్న యింటికి మిద్దె యొక్కటి, మీటర్లు మూడు. ఒడంబడిక ఆంగ్లముననో, రాష్ట్రభాషలోనో యుండును. తెలుగు మాత్రమే చదువనేర్చిన పెద్దలు అందులో వ్రాసియున్నది మీటరింగా, బిల్లింగా యని గుర్తింపజాలరు. సంతకమునకు ముందు చదివించుకొని చూడవలసినవి నాలుగే: పద్ధతి పేరు, యూనిట్టు వెల, సంవత్సరాంతపు మిగులుగతి, ఒడంబడిక గడువు.

కర్ణాటకమున 2013నుండి 2016 వరకు మొదటి ధరకు కుదిరిన ఒడంబడికలు 25 ఏండ్లవగుటచేత, వానిలో చివరివి 2041 ప్రాంతమువరకు నడచును. ఆ కాగితములు ఇనుపపెట్టెలో ఇంటిదస్తావేజుల ప్రక్కన ఉండదగినవి.